చెవులపిల్లి కన్ను

(నెల్లూరులోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో, ఇరవై రెండేళ్ళుగా బ్యూటీపార్లర్ నడుపుతున్న ఒకావిడ విద్యార్థినులతో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఎత్తి రాసినది. మధ్యలో పిల్లలు అడిగిన ప్రశ్నలను అలాగే ఉంచాం.)

మైకు వినపడుతోందా? వెనక బెంచీలకి? సరే.

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, లెక్చరర్లకి నమస్కారం. అమ్మాయిలూ, ముందే చెబుతున్నా, నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నా చేతిలో ఉండేది కత్తెర, లేకపోతే థ్రెడింగ్ దారం. మైకు పట్టుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకరు గురించి గొడవ జరిగినప్పుడు. (నవ్వులు)

మేడమ్ గారు నన్ను పిలిచింది క్రూయల్టీ ఫ్రీ మేకప్ గురించి చెప్పమని. అంటే జంతువుల మీద పరీక్షలు చేయకుండా తయారైన మేకప్. ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కోవూరులో, ఒక పెళ్ళింట్లో, తెల్లవారుజామున మూడున్నరకి దొరికింది. అక్కడి నుంచే మొదలుపెడతా.

కార్తీక మాసం. ముహూర్తం నాలుగూ నలభై ఎనిమిదికి. నేనూ, మా అసిస్టెంటు అమ్మాయీ ఒంటిగంటకే పెన్న బ్రిడ్జి దాటి వెళ్ళాం. పెళ్ళికూతురికి బేస్ అయిపోయింది, కళ్ళు మొదలుపెట్టా. ఫాల్స్ లాషెస్, అంటే అంటించే కనురెప్ప వెంట్రుకలు, పెట్టేటప్పుడు జిగురు ఒక్క పిసరు లోపలికి జారింది. అంతే, ఆ అమ్మాయి కన్ను ఎర్రబడింది, బొటబొటా నీళ్ళు. వాళ్ళ పెద్దమ్మ అప్పుడే దిష్టి అంటూ ఉప్పు కోసం లేచింది. నేను దూది పెట్టి ఒత్తుతూ, "ఏం కాదమ్మా, నీళ్ళు రానియ్, నీళ్ళతో పాటు అదే పోతుంది" అన్నా. నిజంగానే రెండు నిమిషాల్లో పోయింది.

పక్కన మంచం మీద పెళ్ళికూతురి చిన్నాన్న కూతురు కూర్చుని ఉంది. పదేళ్ళు ఉంటాయి. ఆ ఇంట్లో రెండు కుందేళ్ళని పెంచుతున్నారు, మనవైపు పల్లెల్లో చెవులపిల్లి అంటాం కదా, అవి. ఆ పిల్ల ఆ జిగురు డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఆంటీ, దీన్ని చెవులపిల్లి కంట్లో పోసి చూశారా?" అంది.

నేను, "గమ్మునుండమ్మా, ముహూర్తం దగ్గర పడతాంది" అన్నా. ఇంకేమంటాను? నాకు తెలీదు. పదహారేళ్ళు పార్లర్ నడిపిన దాన్ని, రోజూ పది మంది మొహాల మీద పూస్తున్న దాని గురించి పదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు తెలీదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అదే ఆలోచన. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికా. ఆరేళ్ళ నుంచి వెతుకుతూనే ఉన్నా.

అసలు కుందేలు కంట్లో ఎందుకు పోశారు? దానికో కథ ఉంది.

1933లో అమెరికాలో లాష్ లూర్ అని ఒక రంగు వచ్చింది. కనుబొమలకీ కనురెప్పలకీ వేసుకునేది. అందులో పీపీడీ అనే రసాయనం ఉండేది. పారాఫెనిలిన్‌డయమిన్. ఆ రంగు వేసుకున్న ఆడవాళ్ళ కళ్ళు పుండ్లు పడ్డాయి, ఒకామెకి చూపే పోయింది, ఒకామె చనిపోయింది. అప్పటికి అక్కడ కాస్మెటిక్స్‌ని అదుపు చేసే చట్టమే లేదు. 1938లో చట్టం తెచ్చారు. సరే, ఏది మంచిదో ఏది కాదో తేల్చాలంటే ఒక పరీక్ష కావాలి కదా. జాన్ డ్రేజ్ అనే ఆయన, అక్కడి ప్రభుత్వ ఆహార ఔషధ శాఖలో పనిచేసే శాస్త్రవేత్త, 1944లో ఒక పద్ధతి రాసి పెట్టాడు. దాన్ని ఆయన పేరుతోనే డ్రేజ్ టెస్ట్ అంటారు.

ఎట్లా చేస్తారంటే, కుందేలుని తల మాత్రం బయటికి వచ్చే పెట్టెలో పెడతారు, కాళ్ళతో కళ్ళు తుడుచుకోకుండా. ఒక కంటి కింది రెప్ప లాగి, అందులో ఆ పదార్థం 0.1 మిల్లీలీటరు వేస్తారు. రెండు చుక్కలు అనుకోండి. రెండో కన్ను అట్లాగే వదిలేస్తారు, పోల్చి చూడ్డానికి. గంటకి చూస్తారు, ఇరవై నాలుగు గంటలకి చూస్తారు, నలభై ఎనిమిది, డెబ్బై రెండు. అవసరమైతే ఇరవై ఒక్క రోజుల దాకా. ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, నల్లగుడ్డు మీద తెల్లపొర వచ్చిందా అని మార్కులు వేస్తారు. మీకు ఇంటర్నల్స్‌కి వేసినట్టు.

కుందేలే ఎందుకంటే, చవక, మెత్తటి ప్రాణి, కరవదు, పెద్ద కళ్ళు. ఇంకోటి, నన్ను ఇప్పటికీ వదలని కారణం, కుందేలు కంట్లో నీళ్ళు తక్కువ. రెప్ప ఆర్పడం కూడా చాలా తక్కువ. అంటే పడింది పడినట్టు అక్కడే ఉంటుంది. కోవూరు పెళ్ళికూతురికి రెండు నిమిషాల్లో కన్నీళ్ళే కడిగేశాయి చూడండి, ఆ సౌకర్యం దానికి లేదు. పరీక్షకి అది పనికొస్తుందనుకున్నది ఆ లోటు చూసే. అయితే అందులోనే చిక్కు కూడా ఉంది. మన కన్ను వేరు, దాని కన్ను వేరు. ఒకే పదార్థానికి ఒక ల్యాబులో ఒక మార్కు, ఇంకో ల్యాబులో ఇంకో మార్కు వచ్చిన సందర్భాలు బోలెడు.

దీన్ని జనం దాకా తెచ్చింది ఒక హైస్కూలు టీచరు. హెన్రీ స్పైరా, న్యూయార్క్‌లో ఇంగ్లీషు చెప్పేవాడు. అంతకు ముందు ఓడల్లో పనిచేశాడు. 1980 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ మొత్తం ప్రకటన వేయించాడు, అందం కోసం రెవ్లాన్ కంపెనీ ఎన్ని కుందేళ్ళ కళ్ళు పోగొడుతోంది అని అడుగుతూ. చూడండి, తిట్టలేదు. లెక్క అడిగాడు. ఆ ఏడాదే రెవ్లాన్, కుందేలు లేకుండా పరీక్షించే దారి కనిపెట్టమని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. ఆ వెనకే మిగతా కంపెనీలూ కదిలాయి. నేను ఇది చదివినప్పుడు మంచం మీద కూర్చున్న ఆ కోవూరు పిల్లే గుర్తొచ్చింది. అడిగింది అదే ప్రశ్న.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఇండియాలో ఇది బ్యాన్ అని చదివాను. మరి ఇక్కడ తయారయ్యేవన్నీ క్రూయల్టీ ఫ్రీనే కదా?)

మంచి ప్రశ్న తల్లీ. సగం కరెక్టు.

మన దేశంలో 2014లో నిషేధం వచ్చింది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 148-సి అని చేర్చారు, ఎవ్వరూ కాస్మెటిక్స్ కోసం జంతువుల మీద పరీక్ష చేయకూడదు. అదే ఏడాది చివర్లో 135-బి, బయట దేశాల్లో అట్లా పరీక్ష చేసిన వాటిని ఇక్కడికి దిగుమతి చేయకూడదు. దక్షిణాసియాలో మనమే మొదలు. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. తర్వాత 2020లో కాస్మెటిక్స్‌కి విడిగా రూల్స్ వచ్చినా ఈ నిషేధం అట్లాగే ఉంది. యూరప్‌లో దశలవారీగా చేసి, 2013 మార్చి నుంచి అట్లా పరీక్ష చేసిన వాటి అమ్మకాన్ని కూడా పూర్తిగా ఆపేశారు.

మిగతా సగం ఏందంటే, లిప్‌స్టిక్ అనేది ఒక వస్తువు కాదు. దాంట్లో ఇరవై ముప్పై పదార్థాలుంటాయి. పులుసు కుండలో చేప మనదే, మామిడికాయ మనదే, మరి కారం ఎక్కడ పట్టించారు, నూనె ఏ మిల్లుది? ఆ పదార్థాల్లో కొన్ని ఎక్కడో ఇంకో దేశంలో, ఇంకో చట్టం కింద, రసాయనాలుగా పరీక్షకి వెళ్తాయి. యూరప్‌లోనే చూడండి, కాస్మెటిక్స్ చట్టం వద్దంటుంది, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ భద్రత కోసం పెట్టిన రసాయనాల చట్టం చేయమంటుంది. సన్‌స్క్రీన్‌లో వాడే రెండు పదార్థాల విషయంలో ఒక కంపెనీ మేం చేయం అని అప్పీలుకి వెళ్తే, 2020లో చేయాల్సిందే అని తీర్పొచ్చింది. 2023లో అక్కడి కోర్టు కూడా అదే మాట అంది.

ఇక చైనా. అక్కడ బయటి నుంచి వచ్చే మేకప్ అంతా ప్రభుత్వమే జంతువుల మీద పరీక్ష చేయించేది. ఇక్కడ క్రూయల్టీ ఫ్రీ అని చెప్పుకునే కంపెనీ అక్కడ అమ్మాలంటే దానికి ఒప్పుకోవాల్సి వచ్చేది. 2021 మే నుంచి మామూలు కాస్మెటిక్స్‌కి కొన్ని షరతుల మీద మినహాయింపు ఇచ్చారు. హెయిర్ డై, సన్‌స్క్రీన్, తెల్లబరిచే క్రీములు, వీటికి ఆ మినహాయింపు లేదు.

అందుకే మీరు ప్రశ్నని సరిగ్గా అడగాలి. "మీరు పరీక్షిస్తారా?" అంటే, లేదు అంటారు, నిజమే చెబుతారు. "మీరు గానీ, మీకు పదార్థాలు అమ్మేవాళ్ళు గానీ, మీ తరఫున ఇంకెవరైనా గానీ, ఏ దేశంలోనైనా పరీక్షిస్తారా?" అని అడగండి. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. నేను పెట్టాను, నాకొచ్చే ముక్కల ఇంగ్లీషులో. పదకొండు కంపెనీలకి పెడితే ఆరు జవాబిచ్చాయి. వాటిలో రెండు నేను అడిగిన ప్రశ్నకి జవాబిచ్చాయి. మిగతా నాలుగూ మీ ఆదరణకి కృతజ్ఞతలు అన్నాయి. (నవ్వులు)

ఇప్పుడు డబ్బాల మీద బొమ్మల సంగతి. కుందేలు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. నా అనుభవం చెబుతా. డీలర్ ఒకాయన, పేరు వద్దు, ట్రంకు రోడ్డు చుట్టుపక్కల పార్లర్లకి సరుకు వేసేవాడు, నేను అడగడం మొదలుపెట్టిన నెలకే ఒక కాంపాక్ట్ తెచ్చాడు. "అక్కా, నువ్వు అడిగిన కుందేలు మాల్ ఇదే" అన్నాడు. పెట్టె మీద నిజంగానే కుందేలు. చూస్తే అది స్టిక్కరు. గోటితో గీకితే లేచి వచ్చింది. కింద ఏముందో తెలుసా? కంపెనీ అడ్రస్ ఉండాల్సిన చోటు ఖాళీ. లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. చెవులపిల్లి సంగతి తర్వాత, ముందు ఆ పౌడరు మన మొహానికే మంచిది కాదు. కాబట్టి బొమ్మ కంటే ముందు అడ్రస్, లైసెన్స్ నంబరు, తయారీ తేదీ చూడండి.

నిజంగా నమ్మదగ్గ గుర్తులు రెండున్నాయి. ఒకటి లీపింగ్ బన్నీ, ఎగురుతున్న కుందేలు, పక్కన నక్షత్రాలు. 1996లో అమెరికా, కెనడా జంతు సంక్షేమ సంస్థలు కలిసి పెట్టుకున్నాయి. దీనికి కంపెనీ ఒక తేదీ ఖాయం చేసుకోవాలి, ఆ తేదీ తర్వాత తమకి పదార్థాలు అమ్మేవాళ్ళు కూడా పరీక్షించలేదని కాగితాలు చూపాలి, ఏటా మళ్ళీ చూపాలి, బయటివాళ్ళు వచ్చి తనిఖీ చేస్తే ఒప్పుకోవాలి. రెండోది పెటా అనే జంతు హక్కుల సంస్థ వాళ్ళది. అది ఎక్కువగా కంపెనీ రాసిచ్చిన హామీ మీద నడుస్తుంది. నా మటుకు నాకు మొదటిదాని మీద నమ్మకం ఎక్కువ. అయితే మన దగ్గర చిన్న దుకాణాల్లో దొరికేవాటి మీద రెండోదే ఎక్కువ కనపడుతుంది. అది కూడా లేనిదానికంటే మేలే.

ఇంకో తిరకాసు, అమ్మ కంపెనీ, అంటే ఆ కంపెనీకి యజమాని అయిన పెద్ద కంపెనీ. బాడీ షాప్ అని ఇంగ్లండులో 1976లో అనితా రాడిక్ అనే ఆవిడ చిన్న కొట్టుగా పెట్టింది. జంతు పరీక్షలు వద్దని గట్టిగా పోరాడిన కంపెనీ. 2006లో దాన్ని లోరియాల్ కొనేసింది, జంతు పరీక్షల మీద విమర్శలున్న పెద్ద కంపెనీ అది. 2017లో మళ్ళీ అమ్మేసింది గానీ, కొన్నప్పుడు గొడవ గొడవే. చాలామందికి కోపం వచ్చింది, ఇక కొనం అన్నారు. ఇంకొందరు, కొంటేనే కదా ఆ పద్ధతికి గిరాకీ ఉందని పెద్ద కంపెనీకి తెలిసేది అన్నారు. మీరు ఏ పక్షమో మీ ఇష్టం. నేను రెండో పక్షం. మా అమ్మాయి మొదటి పక్షం. ఇంట్లో దీని మీద అన్నాలు మానేసిన రోజులున్నాయి.

ఒక్క మాట, ఈ రెండూ కలపొద్దు. క్రూయల్టీ ఫ్రీ వేరు, వీగన్, అంటే జంతువుల నుంచి తీసినదేదీ లేనిది, వేరు. పరీక్ష చేయలేదు అంటే లోపల జంతువు లేదని కాదు. కొన్ని సబ్బుల మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, అది లోపల ఏముందో చెబుతుంది, పరీక్ష గురించి చెప్పదు.

మీలో ఎవరి దగ్గరైనా ఎర్ర లిప్‌స్టిక్ ఉందా? ఇటివ్వు తల్లీ. చిన్న అక్షరాలు, నాకు కళ్ళజోడు కావాలి... ఆ, ఇదిగో. సీఐ 75470. ఇది కార్మైన్. ఒక పురుగు. నాగజెముడు మీద బతికే పురుగు, కాచినీల్ అంటారు. ఎండబెట్టి నూరితే ఎర్ర రంగు వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా పెరూ దేశం నుంచి వస్తుంది. ఏం, మొహం అట్లా పెట్టావు? ఇన్నాళ్ళూ వేసుకున్నావుగా. (నవ్వులు)

నాగజెముడు అంటే మనకు కొత్త కాదు. మా అమ్మ వాళ్ళ ఊరు కనిగిరి వైపు. అక్కడ చేల గట్ల మీద అదే కంచె. దాని వెనక ఈ పురుగు కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఈ ఎర్ర రంగు వ్యాపారం ఇక్కడ చేద్దామని 1795లో బ్రెజిల్ నుంచి పురుగుని తెప్పించారు. వచ్చింది అసలు పురుగు కాదు, దాని దగ్గరి చుట్టం. రంగు నాసిరకం. కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడుని పొదలకి పొదలు తినేసింది. లిప్‌స్టిక్ నంబరు వెతకబోయి నేను దీంట్లో పడి ఒక రాత్రంతా చదివా. మరుసటి రోజు థ్రెడింగ్‌లో ఒకావిడ కనుబొమ ఒకటి సన్నం అయింది, అది వేరే విషయం.

లానోలిన్ అని చూస్తారు, లిప్ బామ్‌ల్లో. అది గొర్రె ఉన్ని మీది జిడ్డు. మన నెల్లూరు గొర్రెకి ఉన్నే ఉండదు, వెంట్రుకే, కాబట్టి మనవాటికి ఆ గొడవ లేదు. మైనం తేనెపట్టుది. కొన్ని ఐషాడోల్లో మెరుపు చేప పొలుసుది. లక్క కూడా పురుగే ఇస్తుంది. అమ్మమ్మలు కాళ్ళకి పెట్టుకున్న లత్తుక అదే. ఏది వద్దనుకుంటారో మీరు తేల్చుకోండి. నేను తేనెమైనం దగ్గర ఆగిపోయా, అది వాడుతున్నా.

మెరుపు అన్నాను కదా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. హైలైటర్ మెరుపు ఎక్కువగా అభ్రకం. మైకా. మనవాళ్ళ మాటలో కాకిబంగారం. సైదాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చూశారా, ముగ్గురు. వీళ్ళ ఊళ్ళ మట్టిలోనే మెరుపు ఉంటుంది, వాన పడి ఎండ కాస్తే దారంతా తళతళలాడుతుంది. గూడూరు, సైదాపురం మైకా ఒకప్పుడు ఓడలెక్కి దేశాలు తిరిగింది. కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉంటుంది మనదానికి. మా పార్లర్‌కి వచ్చే ఒక పెద్దావిడ చిన్నప్పుడు ఆ షెడ్లలో రేకులు విడదీసే పనికి వెళ్ళిందట. చాకుతో ఒక్కో పొర. రాత్రి అన్నం కలుపుకుంటే కంచంలో మెరిసేదట.

ఇప్పుడు జార్ఖండ్, బీహార్‌లో మైకా తుక్కు ఏరడానికి చిన్నపిల్లలు గుంతల్లోకి దిగుతున్నారు. గుంతలు కూలి చనిపోయిన పిల్లలున్నారు. ఆ మెరుపుతో చేసిన డబ్బా మీద కుందేలు బొమ్మ ఉండొచ్చు, అబద్ధం కూడా కాదు. కుందేలు క్షేమంగానే ఉంది. అందుకని నేను మెరుపు కొనేటప్పుడు సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని రాసిందా చూస్తా. నోరు తిరగదు, కానీ అది ఫ్యాక్టరీలో చేసిన మైకా. లేదంటే మైకా ఎక్కడి నుంచి తెస్తున్నారని అడుగుతా.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఇదంతా ఎందుకు, మన పాతకాలం పద్ధతులే మేలు కదా? పసుపు, సున్నిపిండి, ఇంట్లో కాటుక...)

సున్నిపిండికి నా ఓటు. శుభ్రంగా వాడు. ఇంట్లో కాటుక మా అమ్మమ్మ పట్టేది, ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి. కానీ తల్లీ, పాతదంతా పుణ్యం అనుకోవద్దు. పునుగు, జవ్వాది, కస్తూరి అని మన కావ్యాల నిండా ఉంటాయి. పునుగు పిల్లి నుంచి తీస్తారు, కస్తూరి కోసం జింకని చంపేవాళ్ళు. ఇప్పుడు అత్తర్లలో ఉండేది చాలావరకు ఫ్యాక్టరీ కస్తూరి. ఇంకోటి, సుర్మా కొన్నింట్లో సీసం ఉంటుంది. బజారులో దొరికే నల్ల గోరింటాకు కోన్‌లో ఏముంటుందో తెలుసా? ఆ లాష్ లూర్‌లో ఉందని చెప్పానే, పీపీడీ, అదే. 1933లో కళ్ళు పోగొట్టింది తొంభై ఏళ్ళ తర్వాత చేతుల మీద బొబ్బలు తెప్పిస్తోంది. హెయిర్ డైల్లోనూ ఉంటుంది. క్రూయల్టీ ఫ్రీ డై అయినా సరే, చెవి వెనక కొంచెం పూసి నలభై ఎనిమిది గంటలు ఆగి చూడనిదే నేను ఎవ్వరికీ వేయను. పెళ్ళి రేపే అన్నా వేయను. దీనివల్ల గిరాకీ పోయింది, పోనివ్వండి.

నేను ఎట్లా మారానో చెబుతా. మీకు పనికొచ్చేది బహుశా ఇదే.

కోవూరు నుంచి వచ్చాక ఆవేశంలో అన్నీ పారేద్దామనుకున్నా. మా ఆయన, "కొన్నది పారేస్తే ఆ కుందేలుకి కన్నొస్తుందా?" అన్నాడు. ఆయన పిసినారితనంతో అన్నాడు గానీ మాట నిజం. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పార్లర్‌లో ఉన్నవన్నీ రాశా. నలభై మూడు రకాలు. ఏది అయిపోతే దాని స్థానంలో వేరేది. ముందు మారింది షాంపూ, ఎందుకంటే అదే త్వరగా అయిపోతుంది. తర్వాత క్లెన్సర్, టోనర్. కాటుక పెన్సిల్. లిప్‌స్టిక్‌లు మారడానికి రెండేళ్ళు పట్టింది. అప్పుడే నాకు తెలిసింది, ఒక్కో రంగులో నాలుగు నాలుగు పెట్టుకుని కూర్చున్నానని.

ఫౌండేషన్ దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. మన రంగులకి షేడ్ దొరకాలి కదా. క్రూయల్టీ ఫ్రీ అని తెప్పిస్తే ఒకటి గులాబీ రంగు, ఒకటి బూడిద. మే నెల నెల్లూరు ఎండలో, మండపంలో హోమం ముందు కూర్చున్న పెళ్ళికూతురు మొహం మీద గంట నిలవాలి. మూడు కంపెనీలవి కారిపోయాయి. నాలుగోది నిలిచింది. దాని పేరు చెప్పను, నేను ఏ కంపెనీకి ఏజెంటుని కాదు, పార్లర్‌కి వస్తే చూపిస్తా. పొగతోట నుంచి వచ్చే ఒక డాక్టరమ్మ నా పాత బేసే కావాలంది. ఆమె బేస్ ఆమెనే తెచ్చుకోమన్నా. తెచ్చుకుంటోంది. హెయిర్ డై మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు. నోట్‌బుక్‌లో కొట్టేయని గీతలు ఇంకా నాలుగున్నాయి.

(ఒక విద్యార్థిని: హాస్టల్లో ఉంటున్నాం మేడమ్, ఇవి రేటు ఎక్కువ కదా?)

కొన్ని ఎక్కువే, అబద్ధం చెప్పను. కానీ నీ పౌచ్‌లో ఎన్ని లిప్‌స్టిక్‌లు ఉన్నాయి? ఏడా? రోజూ వేసుకునేవి ఎన్ని? రెండు. మరింకేం. ఏడు కొనే డబ్బుతో రెండు మంచివి వస్తాయి. మన దేశంలో తయారైనవే, ఆన్‌లైన్‌లో మామూలు రేట్లకి, గుర్తింపు ఉన్నవి ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి.

(ఒక లెక్చరర్: కుందేలు లేకపోతే మరి దేని మీద పరీక్షిస్తారు? పరీక్షించకుండా వదిలేస్తే మళ్ళీ 1933 అవుతుంది కదా?)

అవుతుంది మేడమ్. పరీక్ష మానేయమని ఎవరూ అనట్లేదు. ఇప్పుడు ఆపరేషన్లలో మిగిలిన మనిషి చర్మం నుంచి కణాలు తీసి, గాజు గిన్నెల్లో చిన్న చిన్న చర్మపు బిళ్ళలు పెంచుతారు. ఫ్రాన్స్‌లో లియాన్‌లో దానికి పెద్ద కేంద్రమే ఉంది. వాటి మీద క్రీము పూసి కణాలు చచ్చాయా బతికాయా చూస్తారు. కంటికి కూడా అట్లాంటివే వచ్చాయి. కబేళాలో కోసిన ఎద్దుల కళ్ళు తెచ్చి చేసే పరీక్ష ఒకటుంది, కాంతి ఎంత దాటుతోందో కొలుస్తారు. అది కూడా ఎద్దు కన్నే కదా అంటారా, అవును. దాని కోసం ప్రత్యేకంగా చంపలేదంతే. ఇక ఏళ్ళ తరబడి వాడి మంచివని తేలిన పదార్థాలు వేలున్నాయి, వాటితోనే చేసుకుంటే కొత్త పరీక్షే అక్కర్లేదు. మందుల సంగతి వేరు, ఆ చట్టం వేరు. దాని గురించి నేను మాట్లాడను, బీపీ మాత్ర నేనూ వేసుకుంటున్నా.

టైమ్ అయిపోయిందని మేడమ్ గారు వాచీ చూపిస్తున్నారు. చివరగా బ్రష్షులు, ఇది మర్చిపోతే నాకు నిద్ర పట్టదు.

నేను పార్లర్ పెట్టిన కొత్తలో ఒక బ్రష్ కొన్నా. చాలా మెత్తన, పౌడరు భలే పట్టేది. పదిహేనేళ్ళకి పైగా వాడా. దాని వెంట్రుక మీద చారలుండేవి, ఒక్క వెంట్రుకలోనే కొంచెం లేత, కొంచెం ముదురు, మళ్ళీ లేత. డిజైన్ అనుకున్నా. 2019లో వన్యప్రాణి నేరాల విభాగం వాళ్ళు దేశంలో చాలాచోట్ల ఒకేసారి దాడులు చేసి వేల బ్రష్షులు పట్టుకున్నారు. ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ అని పేరు. అన్నీ ముంగిస వెంట్రుకలవి. వన్యప్రాణి చట్టం ప్రకారం అమ్మడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. బొమ్మలేసే బ్రష్షులకే ఎక్కువ వాడతారు, మేకప్‌వి కూడా ఉన్నాయి. పేపర్లో వెంట్రుక ఫోటో చూశా. చారలు. వెళ్ళి నా డబ్బా తీశా. అవే చారలు. మా ఇంటి వెనక కంపల్లో రోజూ తిరిగే ముంగిస, పాముల్ని రానివ్వదని మా అత్తమ్మ దండం పెట్టుకునే ముంగిస. దొడ్లోకి తీసుకెళ్ళి కాల్చేశా. కాలిన వెంట్రుక కంపు ఆ సాయంత్రమంతా పోలేదు.

ఆ కంపే మీకు పరీక్ష. ఎవరిదైనా బ్రష్ ఇవ్వండి. నీదా? ఎక్కడ కొన్నావు? ఆన్‌లైన్‌లోనా, ఏమని రాశాడు, నేచురల్ అనా? సరే, ఒక్క పోగు పీకుతున్నా, ఏమనుకోకు. అగ్గిపెట్టె... మేడమ్ గారూ, ఫైర్ అలారం ఏమీ లేదు కదా? (నవ్వులు) చూడండి. జంతువు వెంట్రుక అయితే చిటపటమని కాలి, వెంట్రుక కంపు కొట్టి, నలిపితే బూడిద అవుతుంది. ముందు వరస వాళ్ళు దగ్గరికి రండి. కంపు వచ్చిందా? లేదు కదా. ప్లాస్టిక్ వాసన. కొసన చూడండి, కరిగి నల్లగా చిన్న పూస కట్టింది. నైలాన్. వాడు నేచురల్ అని అబద్ధం రాశాడు, ఈసారికి ఆ అబద్ధం మంచిదే అయింది. తీసుకో తల్లీ నీ బ్రష్. ఒక పోగు బాకీ ఉన్నా.